ముక్కు మూసుకుని నేర్చుకున్న పాఠం

పోయిన ఆదివారం పొద్దున్నే పక్కింటి అమ్మాయి ఫోను చేతిలో పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. పెందుర్తిలో మేముండే ఈ అపార్టుమెంటులో ఎవరి తలుపులు వాళ్ళు వేసుకునే బతుకులే గానీ, ఆ పిల్ల ఇంటర్మీడియెట్ రెండో ఏడు చదువుతోంది గనకా, నేను ఫిజిక్సు చెప్పి రిటైరయినదాన్ని గనకా, వారానికోసారయినా ఏదో ఒక సందేహం మోసుకొస్తుంది. వాళ్ళది గోదావరి జిల్లా, తండ్రికి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం, మంచీ మర్యాదా తెలిసిన కుటుంబం. నన్ను మామ్మగారూ అని పిలుస్తుంది. ఆ పూట మాత్రం సందేహంతో కాదు, నవ్వుతో వచ్చింది. విద్యుత్ అభివాహం, అదే ఫ్లక్సు అంటారే, మూసి ఉన్న తలం గుండా ఎంత లోపలికి పోయింది, ఎంత బయటికి వచ్చింది అని లెక్క తేల్చే పాఠం, నెల్లాళ్ళుగా కొరుకుడు పడటం లేదట. ఫోనులో పాఠాలు చెప్పే మాస్టారెవరో ఒక్క ఉదాహరణతో బుర్రకెక్కించేశారట. పదిమంది చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డారనుకోండి, వాళ్ళకి బయట చేపల తట్ట నెత్తిన పెట్టుకున్న పిల్ల ఒకతె నిలబడిందనుకోండి అని మొదలుపెట్టారట. చెబుతూ చెబుతూనే ఆ అమ్మాయి రెండు వేళ్ళతో ముక్కు మూసుకుని నాకు చూపించింది.

నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను. ఆ ఉదాహరణలో నిలబడ్డ పిల్లని నేను బాగా ఎరుగుదును. ఆవిడకి ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు, రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషను కూడా అయింది.

నా ఈడువాళ్ళెవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, మా రోజుల్లో రేవు పక్క పేటలో పుట్టిన ఆడపిల్ల కాలేజీ మెట్లెక్కడమంటే ఎంత పెద్ద వింతో. మా నాన్న వేటకి వెళ్ళేవాడు. అమ్మ తెల్లారేసరికి జెట్టీ దగ్గర చేపల వేలంపాటకి పోయి, పాడుకున్న సరుకు తట్టకెత్తుకుని, నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని, వన్ టౌన్ సందులన్నీ తిరిగి మధ్యాహ్నానికి ఇల్లు చేరేది. పదో తరగతి గట్టెక్కి, సైన్సు చదువుతానని నేను మొండికేస్తే, మా మేనత్తలందరూ అమ్మ మీద పడి, దాని చేతికి తట్టివ్వకుండా పుస్తకమిస్తావా అని దెప్పారు. అమ్మ వాళ్ళని ఒక్క మాట అనలేదు, నన్ను సమర్థించనూ లేదు. నా వైపు తిరిగి రెండే రెండు మాటలంది. "తప్పితే తట్టే."

అంటే ఏ ఒక్క పరీక్ష పోయినా అక్కడితో చదువు ఆఖరు, మర్నాటి నుంచి నా నెత్తిన తట్ట. అమ్మ అన్న మాట వెనక్కి తీసుకునే రకం కాదు. అందుకని ఆ రెండేళ్ళూ నాకు పుస్తకం తెరిస్తే అక్షరాల వెనకాల తట్టే కనిపించేది.

పొద్దున్నే అమ్మతో జెట్టీకి పోయి, ఐసు మోసి, చేపల్లో కానాగంతలొక వైపూ నెత్తళ్ళొక వైపూ ఏరి పెట్టి, ఇంటికొచ్చి నీళ్ళు పోసుకుని కాలేజీకి నడిచేదాన్ని. చింతపండుతో చేతులు రుద్దుకున్నాను, నిమ్మతొక్కలతో రుద్దుకున్నాను, కుంకుడుకాయ కొట్టి వారానికి నాలుగుసార్లు తలంటుకున్నాను. చేతుల నుంచి నీచు వాసన పోయేది గానీ జడలోంచి పోయేది కాదు. పోయిందని నేననుకున్న రోజున కూడా, నేను వెళ్ళి కూర్చోగానే బెంచీ మీద అమ్మాయిలు ఒకళ్ళ మీదికొకళ్ళు జరిగేవారు. వాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. పోర్టు గుమాస్తాల కూతుళ్ళు, కృష్ణా గోదావరి జిల్లాల నుంచి ఉద్యోగాలకి వచ్చి స్థిరపడిన ఇళ్ళ పిల్లలు. ఇళ్ళల్లో ఆదివారం చేపల పులుసు తిని, సోమవారం నా పక్కన ముక్కు చిట్లించేవారు, అంతే.

ఇక మా ఫిజిక్సు మాస్టారు. ఆయనంత బాగా పాఠం చెప్పినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు, ఈ మాట చెప్పడానికి నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, అయినా చెప్పక తప్పదు. పాఠం పుస్తకంలోంచి కాకుండా ఎదురుగా ఉన్న వస్తువులోంచి చెప్పడం ఆయన పద్ధతి. అభివాహం మొదలుపెట్టిన రోజున బోర్డు జోలికే పోలేదు. వన్ టౌన్లో మా కాలేజీ కిటికీలు రేవు వైపుకే ఉండేవి. పోర్టులో బొగ్గు ధూళి మోసుకుని గాలి వస్తుంటే, చట్రం లేని ఒక తలుపు రెక్కని గాలికి అడ్డంగా పట్టుకోమని ఒకణ్ణి నిలబెట్టారు. ఎదురుగా పట్టుకుంటే గాలంతా రెక్క మీదే, పక్కకి తిప్పేకొద్దీ తగ్గి తగ్గి, గాలి వాలునే పట్టుకుంటే అసలేమీ లేదు. తలం ఎంత పెద్దది, ఎటు తిరిగి ఉంది, క్షేత్రం ఎంత బలమైనది అన్న మూడూ మాకు ఆ గంటలోనే అర్థమైపోయాయి. అయితే ఆయనకి ఇంకో పద్ధతి కూడా ఉండేది. గంటకి ఒక్కళ్ళనయినా ఏడిపించకుండా గది దాటేవారు కాదు. నత్తి ఉన్నవాడి చేత పెద్ద సూత్రం చదివించేవారు. తండ్రి లేని పిల్లవాణ్ణి నిలబెట్టి, ఆధారం లేని వస్తువు ఏమవుతుందో చెప్పమనేవారు. క్లాసు నవ్వేది, నవ్వుతో పాటు పాఠమూ తలకెక్కేది. నలుగురితో పాటు నారాయణా అని నేనూ నవ్వేదాన్ని, నా వంతు వచ్చేదాకా.

నా వంతు మూసిన తలం పాఠం నాడు వచ్చింది. అందర్నీ కాలేజీ పెరట్లోకి తీసుకుపోయి, చేతులు పట్టుకుని వలయంగా నిలబడమన్నారు. మా కాలంలో మగపిల్లలూ ఆడపిల్లలూ చేతులు పట్టుకునేది ఎక్కడ? వాళ్ళ వరసా మా వరసా కలిసే రెండు చోట్లా చెరో కొసా పట్టుకోమని చేతిరుమాళ్ళు ఇచ్చారు. మూసిన తలానికి చిల్లు ఉండకూడదన్నారు. ముందు క్లాసు ఫస్టు వచ్చే కుర్రాణ్ణి మధ్యలో నిలబెట్టి, వాడే విద్యుదావేశమనీ, వాడి నుంచి బయల్దేరిన రేఖలన్నీ వలయాన్ని దాటి బయటికి పోవాల్సిందేననీ చూపించారు. వాణ్ణి మధ్యలోంచి ఒక మూలకి జరిపారు. ఒకవైపు వాళ్ళకి ఎక్కువా ఇంకోవైపు వాళ్ళకి తక్కువా అందుతాయి గానీ, లోపలే ఉన్నంతసేపూ మొత్తం మారదన్నారు. మాకందరికీ కళ్ళకి కట్టినట్టు తెలిసింది. ఆ తరవాత, ఆవేశం తలానికి బయట ఉంటే ఏమవుతుందని అడిగి, వలయమంతా ఒకసారి కలయజూసి నా దగ్గర ఆగారు.

"నువ్వు బయటికి రామ్మా," అన్నారు ఎంతో ఆప్యాయంగా. "నువ్వయితే రేఖలు గీసి చూపించక్కర్లేదు, వాటంతటవే తెలుస్తాయి."

పెరడంతా నవ్వు. నేను వలయం విడిచి బయటికొచ్చి నిలబడ్డాను, నా చోటు మూసుకుపోయింది. నాకు దగ్గరగా ఉన్న నలుగురైదుగురు అమ్మాయిలు చేతులొదిలేసి ముక్కులు మూసుకున్నారు. మాస్టారు వాళ్ళని మందలించారు, అయితే నా గురించి కాదు, తలానికి చిల్లు పడిందని. ఇదుగో, ఈ పిల్ల నుంచి వచ్చేదంతా ఇటువైపు వలయంలో దూరి అటువైపు నుంచి వెళ్ళిపోతుంది, దూరినదీ పోయినదీ ఒకటే, మొత్తం సున్నా, కాబట్టి ఈ వలయం మటుకి ఈ పిల్ల ఉన్నా లేనట్టే అన్నారు. చివరి మాట నోరు జారి అన్నారో, నవ్వు కోసం కావాలనే జార్చారో నాకు తెలియదు. అది తప్పని మాత్రం నాకు తెలిసింది. చదివి తెలియలేదు, అక్కడ నిలబడ్డాను గనక తెలిసింది.

"మొత్తం సున్నాయే మాస్టారూ," అన్నాను. "అలాగని నాను ఉన్నట్టు తెలవకుండా పోద్దా? ఇటేపోల్లు ముక్కులు మూసుకుని మీ తలం తెంపేసినారు గదా."

మాస్టారు నా వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు, దొరక్క దొరక్క దొరికిన వస్తువుని చూస్తున్న సంతోషం ఉంది. రైటన్నారు. నూటికి నూరుపాళ్ళూ రైటని, వలయం వైపు తిరిగి, ఈసారి మరింత బాగా చెప్పారు. దగ్గరివైపు వాళ్ళు కొద్దిమందే గానీ వాళ్ళకి తగిలేది గట్టిగా తగులుతుంది. దూరంవైపు వాళ్ళు ఎక్కువమంది గానీ ఒక్కొక్కళ్ళకి తగిలేది కాస్తే. లోపలికి పోయిందీ బయటికి వచ్చిందీ సరిపోయి మొత్తం సున్నా అవుతుంది తప్ప, ఏ ఒక్కరి దగ్గరా క్షేత్రం సున్నా కాదు. పరీక్షలో నూటికి తొంభైమంది తప్పేది ఇక్కడే, జన్మలో మర్చిపోకుండా ఒక గుర్తు పెట్టుకోండన్నారు. దగ్గరివైపు వాళ్ళందర్నీ ముక్కులు మూసుకోమన్నారు. ఆజ్ఞ అయింది గనక ఈసారి భయం లేకుండా, కేరింతలు కొడుతూ అందరూ మూసుకున్నారు.

అక్కడితో అయిపోతే నేనూ మర్చిపోయేదాన్నేమో. తరువాతి గంటలో రెండో సెక్షనుకి అదే పాఠం. ల్యాబులోంచి బాలెన్సు తెప్పించినట్టు, అటెండరుని పంపించి నన్ను తెప్పించారు. మళ్ళీ వలయం, మళ్ళీ చేతిరుమాళ్ళు, బయట మళ్ళీ నేను. ఈసారి మొత్తం సున్నా అయినా ఈ పిల్ల ఉన్నట్టు తెలియకుండా పోతుందా, మీ ముక్కులు చెప్పడం లేదూ అని ఆయనే అన్నారు. నా మాట ఆయన నోట్లో ఎంత ముచ్చటగా ఉందో! ఆ సెక్షను వాళ్ళు ఆయన చమత్కారానికి చప్పట్లు కొట్టారు. ఉదాహరణలో నాకు ఇక మాట్లాడే పని లేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి కాలేజీ మానేస్తానన్నాను. ఎందుకని అమ్మ అడిగితే జరిగిందంతా చెప్పాను. చెబుతూ ఏడ్చాను. అమ్మ తట్ట కడుగుతూ వింది, ముక్కులు మూసుకున్న సంగతి దగ్గరకొచ్చేసరికి పకపకా నవ్వింది. క్లాసులో యాభైమంది నవ్వినా నాకంత మంట పుట్టలేదు. ఆ మాస్టారి ఇల్లు అమ్మకి వాడకం బేరమే. వన్ టౌన్లో ఆయన పెరటి గుమ్మంలో ప్రతి ఆదివారం తట్ట దించేది, ఆయన ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని మరీ చేపల మొప్పలెత్తి చూసేవాడట. ముక్కు మూసుకున్నవాడే గట్టిగా బేరమాడతాడని కూడా అమ్మ చెప్పింది. చెప్పి, తట్ట బోర్లించి నన్నడిగింది.

"నువ్వు సెప్పింది రైటా, తప్పా?"

రైటేనన్నాను.

"మరేటి ఏడుపు? తప్పు సెప్పినప్పుడు ఏడు. తట్ట ఇక్కడే ఉంది."

రెండేళ్ళూ చదివాను, ఇంకేం చేస్తాను? నా పేరు సున్నా అయింది. నేను గదిలోకి వస్తుంటే సున్నా వచ్చిందనేవారు, అభివాహం మాటెత్తితే చాలు వరసగా చేతులు ముక్కుల మీదికి పోయేవి. ఆ చేష్టలో నా మీద ద్వేషం కూడా లేదు, అదే నాకు మరీ కష్టంగా ఉండేది. లెక్క చేసేటప్పుడు వేళ్ళు ముడిచినట్టు వాళ్ళు ముక్కులు మూసేవారు.

పబ్లిక్ పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. మూసిన తలానికి బయట ఉన్న ఆవేశం వల్ల మొత్తం అభివాహం ఎంత, తలం మీద క్షేత్రం కూడా సున్నాయేనా, కారణం రాయుము. ప్రశ్న చదివి తలెత్తాను. హాలులో ఒక్కొక్కళ్ళే ముక్కు పట్టుకుంటున్నారు. గుర్తు తెచ్చుకోవడానికి కొందరు, తెలియని స్నేహితుడికి సైగ చేయడానికి కొందరు. పరీక్ష కాపలాకి వచ్చిన పెద్దమనిషి ఏం కంపు కొడుతోందోనని కిటికీలు తెరిపించాడు. నా ముందు వరసలో అమ్మాయి, ఫిజిక్సు అంటే ప్రాణాలు పోయే పిల్ల, వెనక్కి తిరిగి నన్ను చూసి, ముక్కు మూసుకుని, కృతజ్ఞతగా నవ్వి, గబగబా రాయడం మొదలుపెట్టింది. ఆ నవ్వు మీద ఉమ్మెయ్యాలనిపించింది. ఏం చేయను, నేనూ తల వంచుకుని అదే సమాధానం రాశాను.

అందరం పాసయ్యాం. నాకు ఫిజిక్సులో కాలేజీకల్లా ఎక్కువ వచ్చాయి, తట్ట తప్పింది. నవ్విన నాపచేనే పండుతుందంటారు. పండింది, కాకపోతే పంట ఎవరింటికి చేరిందో కూడా చెబుతాను.

ఆ ఆదివారం అమ్మ నన్ను మంచి ఓణీ వేసుకోమని వెంటబెట్టుకు వెళ్ళింది. ఎక్కడికో చెప్పలేదు. మాస్టారి పెరటి గుమ్మం ముందు తట్ట దించి, ఆకులు తొలగించి, ఆ రోజు సరుకులోకెల్లా పెద్ద వంజరాన్ని, హోటలు వాళ్ళు అడిగినా ఇవ్వకుండా దాచిన చేపని, రెండు చేతులతో ఎత్తి ఆయన ముందు పట్టుకుంది. నీ కూతురు నా ఉదాహరణతోనే గట్టెక్కిందని ఆయన అంతకు ముందు వారమే అమ్మతో చెప్పారట. అమ్మ నమ్మింది. ఆ మాట అన్నది నేనేనని ఇంట్లో ఏడుస్తూ చెప్పినా, నవ్వుతూ విన్న మనిషి, ఆయన చెబితే నమ్మింది.

"దీన్ని నిలబెట్టి ఎంతమందిని పాసు చేయించానో తెలుసా," అన్నారాయన.

"మీ దయ బాబూ," అంది అమ్మ.

ఆయన చేపని అందుకున్నారు. ఆ రోజు ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకోలేదు. ఊరికే వచ్చిన చేపకి నీచు ఉండదు కాబోలు. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. నన్ను మోసిందీ, చదివించిందీ, మాట మీద నిలబడిందీ అన్నీ తలుచుకుని దణ్ణం పెట్టుకుంటాను గానీ, ఆ ఒక్క చేప విషయంలో మాత్రం ఆమెని నేను క్షమించలేదు. ఆయన్నయితే క్షమించాలన్న ఆలోచనే రాలేదు.

తరవాత నేనూ ఫిజిక్సు చెప్పి బతికాను. ఎన్ని బాచీలకి ఆ పాఠం చెప్పానో, ఎన్నడూ మనిషిని నిలబెట్టి చెప్పలేదు. వల చూపించాను, గొడుగు చూపించాను, గాజు బుడ్డిలోకి టార్చి వేసి చూపించాను. నా పిల్లలు ఆ ప్రశ్న దగ్గర ఏటా తప్పేవారు. మొత్తం సున్నా కాబట్టి క్షేత్రమూ సున్నాయేనని ధీమాగా రాసేవారు. పక్క సెక్షనుకి మా మాస్టారి శిష్యుడొకాయన చెప్పేవాడు; గోడ అవతల నుంచి గొల్లున నవ్వు వినిపించేది, వాళ్ళందరూ సరిగ్గా రాసేవారు. ప్రిన్సిపాలు గారు నన్ను పిలిచి, కాస్త ఆయన పద్ధతి చూసి నేర్చుకోమ్మా అని మృదువుగా సలహా ఇచ్చారు కూడాను. వెళ్ళలేదు. మా మాస్టారి శిష్యులు వాళ్ళ శిష్యులకి, వాళ్ళు కోచింగు సెంటర్లకి, అక్కడి నుంచి ఫోన్లకి, ఇలా ఊళ్ళు దాటి, చివరికి ఆ ఉదాహరణ పెందుర్తిలో మా ఇంటి గుమ్మంలోకి వచ్చింది. దారిలో పెరడు పోయింది, చేతిరుమాళ్ళు పోయాయి, నా మాట ఎలాగూ మొదటి గంటలోనే పోయింది. జన్మలో ఒక్కరోజయినా కాలేజీకి తట్ట తీసుకెళ్ళని దాన్ని, నా నెత్తిన మాత్రం ఎవరో తట్ట పెట్టారు.

అమ్మ నాకు తప్పించిన తట్టే అది.

పక్కింటి అమ్మాయిని కూర్చోబెట్టి, అర్థమైందో లేదో చూద్దామని ప్రశ్న మీద ప్రశ్న వేశాను. ఎక్కడా తడబడలేదు. అంతా అయ్యాక, ఆ చేపల పిల్ల నిజంగా ఉండేదంటారా మామ్మగారూ, లేకపోతే మాస్టారు కల్పించారా అని అడిగింది.

"ఉదాహరణల్లో వాళ్ళు నిజంగా ఉండరమ్మా," అన్నాను.

హమ్మయ్య, లేకపోతే పాపం కదా అంది. మంచి పిల్ల.

ఇప్పుడు మా అపార్టుమెంటులో ఎవరి జడలోనూ ఏ వాసనా లేదు. భీమిలి నుంచి బస్సులో తట్టతో వచ్చే ఆవిడ కొన్నాళ్ళు మా గేటు బయట నిలబడి కేకలు పెట్టేది. మెట్ల మీద నీచు నీళ్ళు కారుతున్నాయని అసోసియేషను వాళ్ళు లోపలికి రానివ్వలేదు, తరవాత ఆవిడా రావడం మానేసింది. ఎవరింటికైనా చేప కావాలంటే ముక్కలు కోసి, కడిగి, డబ్బాలో సీలు వేసి తెచ్చి ఇస్తున్నారు. ఈ పిల్ల పచ్చి చేపని దగ్గరగా చూసి ఉండదు, తట్ట పక్కనుంచి నడిచి ఉండదు. మా రోజుల్లో పిల్లలు కనీసం వాసన తగిలి ముక్కు మూసుకునేవారు.

మళ్ళీ ఒక్కసారి మొత్తం అప్పజెప్పమన్నాను. నా ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దగ్గర కూర్చుని, మొత్తం సున్నా, దగ్గరివైపు మాత్రం గట్టిగా తెలుస్తుంది మామ్మగారూ అని, ముక్కు మూసుకుని నా ముఖంలోకి చూసి నవ్వింది. సరైన సమాధానమే. పూర్తి మార్కులు వేయవలసిందే.